సిక్కోలు ఊళ్ళు: ఏ దారి పక్కన పుట్టాయి, ఏ దారి వదిలేసి పోయింది

మీ తాతగారి ఊరు శ్రీకాకుళం జిల్లాలో కవిటి దగ్గరనీ, మీరు పుట్టి పెరిగింది హైదరాబాదులోననీ, ఈ సంక్రాంతికి మొదటిసారి వెళ్ళి పది రోజులు ఉండాలనుకుంటున్నాననీ రాశారు. ఆ జిల్లా అంతా ఒకే తీరు పల్లెటూళ్ళే కదా, ఊరికీ ఊరికీ చెప్పుకోదగ్గ తేడా ఏముంటుందని అడిగారు. ఇన్నేళ్ళయినా అక్కడ ఒక్క పట్టణమూ పెద్దగా ఎందుకు ఎదగలేదన్నది మీ రెండో ప్రశ్న. నేను సర్వే విభాగంలో 31 ఏళ్ళు పనిచేశాను, అందులో ఎక్కువ కాలం ఆ జిల్లాలోనే గొలుసు పట్టుకుని పొలాల గట్ల మీద తిరిగాను. రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే ఉందని నా అభిప్రాయం. అక్కడి ఊళ్ళు ఒకదానికొకటి పోలిక లేనివి. ఆ తేడా నేల వల్ల కొంత వచ్చింది, దారుల వల్ల ఎక్కువ వచ్చింది. నదిదారి, ఓడదారి, రైలుదారి, హైవే ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, వచ్చిన ప్రతిసారీ ఒక ఊరిని లేపి ఇంకో ఊరిని పడుకోబెట్టాయి. వీటికి తోడు 1936లో పటం మీద ఒక గీత పడింది.

ముందు పాత సంగతి. వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం ఈనాడు మధుకేశ్వరుడి గుడి చుట్టూ ఒదిగిన చిన్న ఊరు. శివరాత్రి జనం తగ్గాక వెళితే వీధిలో మేకలూ, అరుగుల మీద ముసలివాళ్ళూ తప్ప మరెవరూ కనబడరు. కాని తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం ఇదేనని ఇక్కడి శాసనాలను చదివినవారు తేల్చారు. ఆ శాసనాలను సొంత కృషితో లిపి నేర్చుకుని చదివినవారిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఒకరు. ఆయన పుట్టింది కూడా 1863లో ఈ ముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలోనే. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగదేవుడి కాలంలో రాజధాని కటకానికి, అంటే ఒడిశాలోని నేటి కటక్‌కు, తరలిపోయింది. రాజు వెళ్ళిపోయాక ఊరికి దేవుడు మిగిలాడు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాల శిల్పం చూస్తే ఇంత చిన్న ఊరికి ఇంత పని ఎందుకన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఊరు చిన్నది కావడం తర్వాత జరిగిన సంగతి.

అదే నది వెంట కిందికి వస్తే ఒక గట్టున శాలిహుండం బౌద్ధ స్తూపాల గుట్ట, నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉంటాయి. కళింగపట్నానికీ, ఉత్తరాన బారువకూ తీరం వెంబడి తిరిగే స్టీమర్లు వచ్చేవి. మీ తాతగారి తరంవాళ్ళ నోట ‘రంగం’ అన్న మాట మీరు వినే ఉంటారు. అది రంగూన్. పంట లేని ఏడాది ఇక్కడి రైతుకూలీలు ఆ స్టీమర్లు ఎక్కి బర్మాలో బియ్యం మిల్లులకూ, రేవు పనులకూ పోయేవారు. 1941 డిసెంబరులో జపాను రంగూన్ మీద బాంబులు వేశాక వాళ్ళలో చాలామంది అడవుల గుండా నడిచి తిరిగి వచ్చారు. ఓడలు ఆగాక రేవులు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు కళింగపట్నంలో ఒక లైట్‌హౌసూ, పిల్లల్ని తీసుకుని సాయంత్రం వచ్చే జనమూ కనిపిస్తారు. 190 కిలోమీటర్లకు పైబడిన తీరం ఉన్న జిల్లాకు చెప్పుకోదగ్గ చేపల రేవు లేకపోవడం వల్ల, మత్స్యలేశం వంటి ఊళ్ళ మగవాళ్ళు ఏడాదిలో చాలా నెలలు గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీద కూలికి ఉంటున్నారు. 2018లో అలా వెళ్ళిన ఇక్కడి జాలర్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుని, ఏడాదికి పైగా జైల్లో ఉంచి, 2020 జనవరిలో వదిలింది. రంగానికి పోయిన తాతల మనవలు వెరావల్‌కు పోతున్నారన్నమాట. సంతబొమ్మాళి మండలంలోని మూలపేట దగ్గర ఇప్పుడు కొత్త పోర్టు కడుతున్నారు. అది ఏ ఊరిని లేపుతుందో, ఏ ఊరిని ముంచుతుందో చూడడానికి నాకు వయసు చాలదు.

ఇక శ్రీకాకుళం పట్టణం. నాగావళి ఒడ్డున ఉన్న ఈ ఊరిని జనం సిక్కోలు అంటారు, తెల్లవాళ్ళు చికాకోల్ అన్నారు. గోల్కొండ నవాబుల కాలంలో ఇది వాళ్ళ తరఫున సీమను ఏలే అధికారి, ఫౌజుదారు, కొలువున్న ఊరు, షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఆనాటి గుర్తు. తీరం వెంట పాత పాలనా విభాగాలైన ఉత్తర సర్కారుల్లో చికాకోల్ సర్కారు అంటే నేటి విశాఖ, గంజాం ప్రాంతాలను కలుపుకున్న పెద్ద సీమ. ఇక్కడి మస్లిన్ బట్టకు దూరదేశాల్లో గిరాకీ ఉండేది. కంపెనీ పాలన వచ్చాక కొలువులు విశాఖకూ, గంజాంకూ పోయాయి. 1890ల్లో మద్రాసు–కలకత్తా రైలుదారి వేసినప్పుడు పట్టాలు ఈ పట్టణాన్ని తాకకుండా పదమూడు కిలోమీటర్ల దూరం నుంచి వెళ్ళిపోయాయి. అందువల్ల శ్రీకాకుళం రోడ్ అన్న స్టేషను నిజానికి ఆమదాలవలసలో ఉంది. ఆ స్టేషను చుట్టూ ఆమదాలవలస పట్టణమైంది, షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, తర్వాత ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జిల్లా కేంద్రానికి వచ్చినవాడు ముందు ఇంకో ఊళ్ళో దిగి, ఆటోలోనో బస్సులోనో కూర్చుని రావలసిన స్థితి నూట పాతికేళ్ళుగా ఉంది. పట్టణం ఎందుకు ఎదగలేదన్న మీ ప్రశ్నకు ఈ ఒక్క సంగతే సగం జవాబు. మిగతా సగం విశాఖపట్నం నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉండటం. చదువు, వైద్యం, కొలువు అన్నీ అటు లాగేస్తుంటే ఇక్కడ మిగిలేది కలెక్టరాఫీసూ, కోర్టూ, బస్టాండు కాంప్లెక్సు దగ్గర బస్సులూ. కాని సిక్కోలుకు ఇంకో రకం ఆస్తి ఉంది. కథారచయిత కాళీపట్నం రామారావు మాష్టారు 1997లో ఇక్కడ స్థాపించిన కథానిలయంలో తెలుగు కథలు అచ్చయిన పత్రికలూ, సంపుటాలూ వేల సంఖ్యలో ఉన్నాయి. ఒక పూట ఉంచుకోండి.

రైలు ఇలా చేసింది ఒక్క సిక్కోలుకే కాదు. మందస పాత జమీందారీ ఊరు, వాసుదేవ పెరుమాళ్ గుడి ఉన్న ఊరు, దానికి స్టేషను ‘మందస రోడ్’ అని ఎడంగా ఉంది. టెక్కలి పెద్ద ఊరే, కాని ప్రధాన లైను మీద ఉన్నది పక్కనున్న నౌపడ. ఆ నౌపడ నుంచి పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మొదలై, తర్వాత గుణుపూరు దాకా సాగింది. నౌపడ ఉప్పుమళ్ళలోని ఉప్పు కొండలకు పోవడానికీ, కొండసరుకు కిందికి రావడానికీ అది ఆధారమైంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ రైలు ఎంత నెమ్మదిగా నడిచేదంటే, దిగి తాటిముంజలు కొనుక్కుని మళ్ళీ ఎక్కవచ్చనేవారు. నేను ప్రయత్నించలేదు. ఇప్పుడది బ్రాడ్‌గేజి.

ఇక్కడ 1936 సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ తాతగారి ఊరి తీరు దానితో ముడిపడి ఉంది. అంతవరకూ ఇచ్ఛాపురం నుంచి సిక్కోలు దాకా ఉన్నదంతా మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం చీలింది. బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, సిక్కోలు ఇటు మిగిలి విశాఖ జిల్లాలో చేరాయి. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాకు వెళ్ళింది, దాన్ని ఆనుకుని ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉండిపోయింది. ఇంటికీ బజారుకూ మధ్య రాష్ట్ర సరిహద్దు వచ్చింది. పర్లాకిమిడిలో దశాబ్దాలు బడిపంతులుగా పనిచేసి, సవర భాషకు నిఘంటువు కూర్చి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగువారు తన ఊరు ఒరిస్సాలో కలవడాన్ని సహించలేక ఆ ఏడాదే రాజమండ్రికి వచ్చేశారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది, 1979లో విజయనగరం జిల్లా కోసం కొంత పోయింది, 2022 ఏప్రిల్‌లో పాలకొండ, రాజాం వైపులు కూడా పోయి ఇప్పుడు 30 మండలాలు మిగిలాయి. దీనివల్ల మీకో చిక్కుంది. మీ తాతగారి ఊరు 1931 జనాభా లెక్కల్లో గంజాం జిల్లాలో, 1941లో విశాఖపట్నం జిల్లాలో, 1951లో శ్రీకాకుళం జిల్లాలో కనబడుతుంది. ఊరు అంగుళం కదలలేదు.

సరిహద్దు గీత వేసినంత మాత్రాన మాట తెగదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట ప్రాంతాల్లో తెలుగూ ఒడియా రెండూ ఇంటిభాషలే. ఒకే వీధిలో రెండూ వినబడతాయి, కొన్ని ఇళ్ళలో తల్లితో ఒకటీ తండ్రితో ఇంకొకటీ మాట్లాడతారు. జగన్నాథుడి రథయాత్ర ఇక్కడ పొరుగు పండుగ కాదు, సొంత పండుగ. పెద్ద జబ్బు చేస్తే సిక్కోలు కన్నా బరంపురానికి పోవడం ఇప్పటికీ ఎక్కువ. ఊళ్ళ రూపం కూడా వేరు. గోదావరి జిల్లాల్లోలా విడివిడి పెరళ్ళలో ఇళ్ళు ఉండవు. పొడవాటి వీధికి రెండు వైపులా గోడకు గోడ ఆనించి, ముందు అరుగూ లోపలికి రైలుపెట్టెలా గదివెనక గదీ ఉంటాయి. తీరాన పాత చుట్టిళ్ళు ఒకటీ అరా మిగిలితే మిగిలి ఉంటాయి, గాలివాన తట్టుకోవడానికి ఆ గుండ్రటి ఇంటిని మించినది లేదని ముసలివాళ్ళు చెప్పేవారు. పేర్లు కూడా చూడండి. దక్షిణాన, మధ్యన ‘వలస’తో ముగిసే ఊళ్ళు, ఆమదాలవలస, రావివలస వంటివి, ఒకప్పుడు ఎక్కడినుంచో తరలివచ్చినవాళ్ళు నిలదొక్కుకున్న చోట్లు. మీ వైపు వచ్చేసరికి బల్లిపుట్టుగ, సహలాలపుట్టుగ అని ‘పుట్టుగ’లు మొదలవుతాయి. పేరు మారిన చోట సీమ మారినట్టు లెక్క.

మీ సీమ పేరు ఉద్దానం. ఉద్యానవనం అన్న మాట నుంచి వచ్చిందంటారు, ఒకప్పుడు చూసినవాడు ఆ మాట నమ్మేవాడు. సముద్రానికీ మహేంద్రగిరి పాదానికీ మధ్య ఇసుకపాటి ఎర్రనేల మీద కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని నీడలో ఒకటి పెరిగేవి. వరి పండే గెడ్డవార, అంటే వాగు ఒడ్డు, ఊళ్ళలా ఇక్కడ పొలం ఒకచోట, ఇల్లు ఒకచోట కాదు. ఊరే తోటలో ఉంటుంది. తోట ఉన్నవాడు పెద్ద రైతు కాకపోయినా, చెట్టు నెలనెలా కాయ ఇస్తుంది కనుక చేతిలో చిల్లర ఆడేది, అందుకే చుట్టుపక్కల సీమలవాళ్ళు ఉద్దానానికి పిల్లనివ్వడానికి వెనకాడేవారు కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గరలో తీరం దాటి ఆ తోటల్ని నేలకు పరిచింది. కొబ్బరి నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. తుపాను తర్వాత నేను ఒకసారి వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళాను. పాత సర్వేలో గుర్తుగా రాసుకున్న చెట్లు ఒక్కటీ లేక, ఏ గట్టు ఎవరిదో రైతులే నన్ను అడిగారు. దీనికి ముందునుంచే ఇంకో పీడ ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు జనాన్ని తింటోంది. నీరా, నేలా, ఎండలో పనా, మరేదైనానా అన్నది వైద్యులు ఇంకా తేల్చలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది, హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు వస్తున్నాయి. మీరు వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళ సంగతి ఎత్తితే మాట ఎటు పోతుందో ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

పలాస గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే జిల్లాలో దారి వల్ల లాభపడిన ఊరు అదొక్కటే అనిపిస్తుంది. పలాస రైలు వైపు, కాశీబుగ్గ హైవే వైపు, మధ్యన రెండూ అతుక్కుపోయి ఒకే పురపాలకం అయ్యాయి. ఉద్దానంలో రాలిన జీడిపిక్కలు ఇక్కడికి వస్తాయి, బేరం 80 కిలోల బస్తా లెక్కన సాగుతుంది. పిక్క ఉడికించి, పగలగొట్టి, పొట్టు తీసి, బద్దనూ గుండునూ వేరుచేసే పని అంతా ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. పిక్క జిగురు తగిలి వాళ్ళ వేళ్ళు నల్లబడి ఉంటాయి. స్థానికపు పిక్క చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పించుకుంటారు, దాంతో ఉద్దానం రైతుకు ధర పడిపోతుందన్న తగవు ప్రతి వేసవిలో లేస్తుంది.

ఈ సీమకు తిరగబడే గుణం ఒకటి ఉంది, దానికీ మూలం నేలలోనే. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి కలప విషయమై రైతుల్ని పట్టుకెళ్ళబోయిన పోలీసులకు జనం అడ్డుపడ్డారు. కాల్పుల్లో గర్భిణి అయిన గున్నమ్మతో సహా అయిదుగురు చనిపోయారు. ఆమెను ఈనాటికీ వీర గున్నమ్మ అంటారు. బారువలో పుట్టిన రైతు నాయకుడు గౌతు లచ్చన్న ఆ రైతు ఉద్యమాల్లోంచి వచ్చినవారే. 1960ల చివర గిరిజన పోరాటం కొండల్లో మొదలై పలాస దగ్గరి బొడ్డపాడు దాకా దిగింది. 2010 జూలై 14న సోంపేటలో జరిగింది కూడా అదే వరసలోది. బీల అంటే వాననీరు నిలిచే పల్లపు నేల. కాగితాల మీద దాన్ని పనికిరాని భూమి అన్నారు, థర్మల్ ప్లాంటుకు ఇవ్వబోయారు. ఆ నీటితో వరి పండించేవాళ్ళూ, అందులో చేపలు పట్టేవాళ్ళూ, పశువుల్ని మేపేవాళ్ళూ కలిసి నిలబడ్డారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ప్లాంటు మాత్రం రాలేదు. రికార్డులో ‘పోరంబోకు’ అన్న ఒక్క మాట రాయడం ఎంత తేలికో నాకు తెలుసు, నేనే ఎన్నోసార్లు రాశాను.

చేతిపనుల ఊళ్ళను ఒక్క మాటలో దాటేయలేను. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. దాని సన్నటి పళ్ళు దువ్వెనలా గింజ చుట్టూ ఉన్న పోగుల్ని సాపు చేస్తాయి. ఏకి మెత్తబరిచిన దూదిని ఎండిన అరటి దవ్వలో చుట్టి, ఆడవాళ్ళు ఇంటి చరఖా మీద వడికితే నూరు కౌంటు నూలు, అంటే చాలా సన్నటి నూలు, వస్తుంది. కొండపత్తి, ఎర్రపత్తి అన్న పొట్టిపోగు స్థానిక రకాలతోనే ఆ పని అవుతుంది. వడికేవాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళినవారు, వాళ్ళ కోడళ్ళు ఆ చరఖా ముందు కూర్చోవడం నేను చూడలేదు. సారవకోట మండలంలోని బూడితిలో కంచు, ఇత్తడి పాత్రలు పోతపోసి సాగగొడతారు, ఊళ్ళోకి అడుగుపెట్టకముందే సుత్తి చప్పుడు వినబడుతుంది.

ఇప్పుడు మీ ప్రయాణానికి పనికొచ్చే రెండు మాటలు. ఊరి పాత కాగితాలు చూడదలచుకుంటే, ముందు అది ఏ ఎస్టేటు కిందిదో తెలుసుకోండి. మందస, తర్లా, జలంత్ర వంటి జమీందారీల ఊళ్ళకు రైతువారీ సర్వే, అంటే రైతు పేరున పొలం కొలిచి రాసే సర్వే, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జరిగింది కనుక, మీకు దొరికే వరుస రికార్డు 1950ల నుంచే మొదలవుతుంది. అంతకు ముందువి కావాలంటే గంజాం జిల్లా పేరు మీద వెతకాలి. కాగితాల కన్నా ముందు ఇంటి పెద్దవాళ్ళను ‘రంగం ఎవరు వెళ్ళారు’ అని అడిగి చూడండి, ఏ తరంలో ఎవరు ఎక్కడికి పోయారో వరసగా చెప్పుకొస్తారు. జనవరిలో వెళ్తున్నారు కాబట్టి నౌపడ దగ్గరి తేలినీలాపురంలో పెలికాన్లూ, ఎర్రకాళ్ళ కొంగలూ చింతచెట్ల మీద గూళ్ళలో ఉంటాయి. ఆ పక్షులు రాని ఏడాది వానలు రావని ఊరి నమ్మకం, అందుకే ఎవరూ రాయి విసరరు. రైల్లో వెళ్తే సోంపేటకు టికెట్టు తీసుకోండి. దిగాక బోర్డు మీద సోంపేట అనే ఉంటుంది, కాని మీరు నిలబడ్డది కంచిలిలో. కవిటి ఆటోలు బయటే ఉంటాయి.